ముప్పై ఆరో నిమిషం

లెక్కల టీచర్లం చాటుగా ఒక పని చేస్తాం, పిల్లలకు చెప్పం. ప్రశ్నాపత్రం తయారుచేసేటప్పుడు ముందు ప్రశ్న రాయం, ముందు జవాబు రాసుకుంటాం. ముప్పై ఆరు నిమిషాలు అని అనుకుంటే, ఆ ముప్పై ఆరు వచ్చేలా తొట్టెల్నీ కుళాయిల్నీ వెతుక్కుంటాం. లేకపోతే జవాబు దశాంశాల తోకలతో వస్తుంది, దిద్దేటప్పుడు అది మన పీకకే చుట్టుకుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా నాదీ అదే పద్ధతి. ఒక కాగితం మీద జవాబులు, ఇంకో కాగితం మీద వాటికి కట్టిన ప్రశ్నలు. నిజం చెప్పాలంటే నా ఉద్యోగంలో నాకు సరదాగా అనిపించే భాగం ఆ కట్టడం ఒక్కటే. మిగతాదంతా అరవడమే.

మా బడిలో నాకు ముక్కు మీద కోపమని పేరు. కాదనను. చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వచ్చినా, నేను చెప్పనిది ఎవరైనా రాసినా నాకు ఒళ్ళు మండుతుంది. కాకపోతే ఆ కోపానికి తగ్గ పనితనం కూడా ఉండేది. ఇన్నేళ్ళలో నా ప్రశ్నాపత్రంలో ఒక్క అంకె తప్పుపోలేదు. అందుకే పోయిన నెల సైన్సు మాస్టారు మూత్రపిండం బొమ్మ వేయించి "గుండె భాగాలు గుర్తించుము" అని అడిగినప్పుడు నేను ఊరుకోలేదు. వారం రోజులు స్టాఫ్ రూములో ఆయన్ని ఏడిపించాను. "మాస్టారూ, మీకు గుండెల్లో నొప్పొస్తే ఎక్కడ పట్టుకుంటారు?" అంటే, పాపం, టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు.

ఇక పిచ్చుక సంగతి. ఏడో తరగతిలో కిటికీ పక్క బెంచీలో కూర్చుంటుంది. పిడికెడు మనిషి. ఒక చోట కుదురుగా ఉండదు, నోరు మూయదు. ఆ పేరు తోటి పిల్లలే పెట్టారు, నాకూ అదే అలవాటైంది. ఈ పిల్లకు లెక్క ఇస్తే లెక్క తప్ప మిగతావన్నీ పట్టించుకుంటుంది. "ఒక తొట్టెను మొదటి కుళాయి అరవై నిమిషాల్లో నింపును, రెండవది తొంభై నిమిషాల్లో నింపును" అని ఇస్తే, జవాబు రాయాల్సిన చోట "రెండో కుళాయి పాడైందా? ఎవరూ బాగుచేయించలేదా?" అని రాసింది. తోటలో వరసకు పన్నెండు మొక్కలు అంటే, "గోడ పక్క వరసకు ఎండ తగలదు, అక్కడ తక్కువ నాటాలి" అని రాసింది. నేను ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "అనవసరం" అని రాసేదాన్ని. ఆ ఏడాది నేను ఎక్కువసార్లు రాసిన మాట అదే. రాసిందంతా ఆ పిల్ల కాగితాల మీదే.

మా బడిలో ఒక నియమం ఉంది. లెక్కల్లో వరసగా మూడు పరీక్షల్లో యాభైకి ఇరవై రాకపోతే కింది తరగతికి పంపేస్తారు. పిచ్చుకకు అప్పటికి రెండు పోయాయి. మూడోది అర్ధ సంవత్సర పరీక్ష. కింది తరగతి అంటే ఆరో తరగతి, అక్కడ చదివేది పిచ్చుక సొంత చెల్లెలు. ఇరవై రాకపోతే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే గదిలో కూర్చోవాలి. పంపించమని పెద్ద టీచరుగారికి ఉత్తరం రాసిచ్చింది నేనే. అందులో మార్కుల గడి ఒక్కటే ఖాళీ. సోమవారం వచ్చి నింపుతానని చెప్పాను. పిచ్చుకకు కూడా ముందే చెప్పాను, చెప్పకుండా చేస్తే దొంగదెబ్బ అవుతుందని. ఆ రోజంతా ఆ పిల్ల నోరు మూసుకుని ఉంది. క్లాసు ప్రశాంతంగా ఉందని నేను సంతోషించాను కూడా.

పరీక్ష శుక్రవారం పొద్దున. ముందు రోజు హడావిడిలో సంచిలోంచి కాగితం తీసి ఆఫీసు గుమాస్తాకు ఇచ్చాను. ఆయన చదవడు, కాపీలు తీస్తాడు. ముప్పై నాలుగు తీసి, కట్ట కట్టి, సీలు వేసి ఇచ్చాడు. హాల్లో నేనే సీలు విప్పి, కాగితాలు బోర్లించి పంచాను. గంట కొట్టగానే "తిప్పండి" అన్నాను.

తిప్పారు. ఎవరూ పెన్ను తీయలేదు. ముప్పై నాలుగు మంది కాగితం వైపు చూస్తున్నారు, ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు, మళ్ళీ కాగితం చూస్తున్నారు. మొదటి బెంచీలోంచి ఫస్టు ర్యాంకు పిల్ల నిలబడింది.

"టీచర్, ఇందులో ప్రశ్నలు లేవు."

"కళ్ళు తెరిచి చూడు."

"చూశాను టీచర్. జవాబులున్నాయి."

కాగితం లాక్కుని చూశాను. పైన నా చేతిరాతే: అర్ధ సంవత్సర పరీక్ష, గణితము, మార్కులు యాభై. కింద ఐదు వరసలు. ఒకటి, 36 నిమిషాలు. రెండు, 14 మీటర్లు. మూడు, మూడింట రెండు వంతులు. నాలుగు, ఏడుగురు. ఐదు, సున్న. ప్రశ్నల కాగితం ఇంట్లో భోజనాల బల్ల మీద ఉండిపోయింది.

అయినా కొంప మునిగిందేమీ లేదు. ప్రశ్నలు నాకు నోటికి వచ్చు, బోర్డు మీద రాసేస్తే సరిపోయేది. సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర పెద్ద టీచరుగారు ప్రత్యక్షమయ్యారు, పరీక్ష హాళ్ళన్నీ చూసుకుంటూ. ఆవిడ వెనక సైన్సు మాస్టారు. ఆయన్ని చూడగానే నా చేయి ఆగిపోయింది.

"ఏంటి టీచరుగారూ, ఎవరూ రాయట్లేదు?" అన్నారు పెద్ద టీచరుగారు.

"ఏం లేదండీ," అన్నాను. "ఈసారి పద్ధతి మార్చాను. జవాబులు నేనిచ్చాను. ప్రశ్నలు వాళ్ళు రాస్తారు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. సైన్సు మాస్టారు కళ్ళు చిట్లించి ఒక కాగితం తీసి చూశారు, నన్ను చూశారు. పెద్ద టీచరుగారు మాత్రం "భలే ఉందే!" అని సంబరపడిపోయి వెళ్ళిపోయారు. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. నేను గొంతు సవరించుకుని, ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ ఆడనంత పెద్ద అబద్ధాన్ని పిల్లలకు వివరించడం మొదలుపెట్టాను. ప్రతి జవాబుకూ ఒక లెక్క రాయాలి. ఎవరి లెక్క వాళ్ళదే కావాలి. చేస్తే ఆ జవాబే రావాలి.

మొదట గదంతా గుసగుసలు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పెన్నులు కదిలాయి. ఫస్టు ర్యాంకు పిల్ల ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "లెక్క ఇస్తే చేస్తాను టీచర్. లెక్క ఏదీ?" అని రెండుసార్లు అడిగింది, మూడోసారి ఏడ్చేసింది. నేను దగ్గరికి వెళ్ళి తల నిమిరాను. ఆ పిల్లను అలా తయారుచేసింది నేనే. ఇచ్చింది చేయడం నేర్పాను, బాగా నేర్చుకుంది.

పిచ్చుక కిటికీలోంచి బయటికి చూస్తూ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. నేను దగ్గరికి వెళ్ళగానే అడిగింది.

"టీచర్, నిజంగా ఉన్నవాటి గురించి రాయొచ్చా?"

"నీ ఇష్టం. జవాబు మాత్రం అదే రావాలి."

"నా ఇష్టమా?" అని ఇంకోసారి అడిగి రూఢి చేసుకుని, కాగితం మీదికి వంగింది. ఆ తర్వాత గంట కొట్టేదాకా తలెత్తలేదు.

శనివారం సెలవు. పొద్దున్నే కట్ట ముందేసుకుని కూర్చున్నాక గానీ నా నెత్తి మీదికి ఏం తెచ్చుకున్నానో అర్థం కాలేదు. మామూలుగా అయితే జవాబు చూసి టిక్కు పెట్టేదాన్ని, గంటన్నరలో పని అయిపోయేది. ఇప్పుడు అందరి జవాబులూ ఒకటే, ప్రశ్నలు నూట డెబ్బై. ఒక్కోటీ నేను చేస్తే తప్ప తప్పో ఒప్పో తెలియదు. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు, ఇంట్లోనే ముందుగదిలో కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకునే లోపలికి వచ్చి, నా ముందున్న కట్ట చూసి నవ్వారు.

"ఇన్నాళ్ళకి నీకే పరీక్ష పెట్టారన్నమాట."

"మీరు పోయి మీ పని చూసుకోండి."

పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను గట్టిగా చదవడం, ఇద్దరం కలిసి చేయడం. ఒకడు ముప్పై ఆరు నిమిషాలకు ఇలా రాశాడు: "మా అమ్మ ఐదు నిమిషాల్లో వస్తానని పక్కింటికి వెళ్ళింది. చెప్పినదానికంటే ముప్పై ఒక్క నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మొత్తం ఎంతసేపు మాట్లాడింది?" ఇంకొకడు ఏడుగురికి ఇలా రాశాడు: "క్లాసులో ముప్పై నాలుగు మంది. లెక్కల టీచరు అరిస్తే ఇరవై ఏడు మంది భయపడ్డారు. అలవాటు పడినవాళ్ళు ఎంతమంది?" మా ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు. నాకు కోపం రావాలి, రాలేదు. ఈ పిల్లలు ఇంత చమత్కారంగా ఉంటారని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఫస్టు ర్యాంకు పిల్ల ఏడుపు ఆపుకుని పుస్తకంలో అవే జవాబులొచ్చే ఐదు లెక్కలు గుర్తు తెచ్చుకుని అక్షరం పొల్లుపోకుండా రాసింది. అన్నీ ఒప్పే, ఒక్కటీ తనది కాదు. "ఎవరి లెక్క వాళ్ళదే" అన్న మాట పక్కన పెట్టి మార్కులు వేశాను. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది.

మధ్యాహ్నానికి పిచ్చుక కాగితం వచ్చింది. రెండో లెక్కకు సగం మార్కులు, ఐదు. మూడోది మొదలుపెట్టి వదిలేసింది, రెండు. నాలుగోది ఖాళీ. ఐదోది చదివాను.

"మా చెల్లి నాకంటే ఒక తరగతి కింద చదువుతోంది. నన్ను ఒక తరగతి కిందకి పంపిస్తే మా ఇద్దరికీ మధ్య ఎన్ని తరగతుల తేడా ఉంటుంది?"

జవాబు సున్న. లెక్క ఒప్పు. పదికి పది వేశాను. నాకు కోపమే తెలుసుగానీ సిగ్గు పెద్దగా తెలియదు, ఆ రోజు తెలిసింది.

మొత్తం పదిహేడు అయింది. మిగిలింది మొదటి లెక్క, ముప్పై ఆరు నిమిషాలది. అది ఒప్పయితే ఆ పిల్ల ఏడో తరగతిలో ఉంటుంది, తప్పయితే పోతుంది. నేను నెమ్మదిగా చదివాను.

"మా నాన్న బస్సుకు మొత్తం పది స్టాపులు. ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపుకు మూడు నిమిషాలు. మధ్యలో ఉన్న ప్రతి స్టాపులో ఒక నిమిషం ఆగుతుంది. ఏడో స్టాపులో కర్ర తాత ఎక్కుతాడు. మొదటి స్టాపులో కదిలినప్పటి నుంచి చివరి స్టాపు చేరేదాకా ఎంతసేపు పడుతుంది?"

పది స్టాపుల మధ్య తొమ్మిది దూరాలు, ఇరవై ఏడు నిమిషాలు. మధ్యలో ఎనిమిది స్టాపులు, ఎనిమిది నిమిషాలు. మొత్తం ముప్పై ఐదు. మళ్ళీ చేశాను, ముప్పై ఐదే. స్టాపులు మొదటి నుంచి లెక్కపెట్టాను, చివరి నుంచి లెక్కపెట్టాను. ఆ ముప్పై ఆరో నిమిషం ఎక్కడా దొరకలేదు. చేసేదేముంది? కర్ర తాత వాక్యం కింద ఎర్ర గీత గీసి, అలవాటు కొద్దీ "అనవసరం" అని రాసి, పక్కన సున్న వేశాను.

"ఈ కర్ర తాత ఎవరు?" అన్నారు మా ఆయన, కాగితం తీసుకుని.

"ఎవరైతే మనకేంటండీ? లెక్కకు సంబంధం లేదు. ఆ పిల్లకు ఇదొక జబ్బు."

"ఒక్క నిమిషమే కదా తేడా?"

"ఒక్కటైనా తప్పు తప్పే."

"నా దగ్గరికి రోజుకో నిమిషం తేడా చూపించే గడియారం తెస్తే నేను పారేయనోయ్. విప్పి చూస్తాను."

"విప్పడానికి ఇదేం గడియారం కాదు."

"బస్సే కదా. ఎక్కి చూద్దాం పద."

నేను బడికి నడిచి వెళ్తాను, నడిచి వస్తాను. ఆ బస్సు రోజూ మా సందు చివర నుంచే వెళ్తుంది గానీ, ఎక్కి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. ఆదివారం నాలుగింటికి మొదటి స్టాపుకు వెళ్ళి నిలబడ్డాం. మా ఆయన మణికట్టుకు సెకన్ల ముల్లున్న గడియారం, చేతిలో చిన్న పుస్తకం. పెళ్ళిచూపులకు వెళ్తున్నంత హుషారుగా ఉన్నారు.

డ్రైవరు పిచ్చుక వాళ్ళ నాన్నే, నన్ను గుర్తుపట్టాడు. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు చూశాడు. "రండి టీచరుగారూ! ఏంటిలా వచ్చారు?" అని లేచి నిలబడబోయాడు. ఆయన వెనక సీట్లో మోకాళ్ళు పైకి ముడుచుకుని పిచ్చుక కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పనిచేస్తుంది, ఆదివారం కూడా డ్యూటీ ఉంటుంది. చెల్లికి బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని పక్కింట్లో ఉంటుంది. అందుకని పిచ్చుక సాయంత్రాలు గడిపేది ఆ సీట్లోనే. నన్ను చూసి పాలిపోయింది. నేను పక్కనుంచి వెళ్తుంటే గొంతు బాగా తగ్గించి అంది.

"టీచర్, నాన్నకి ఇంకా చెప్పలేదు."

"నేనూ చెప్పడానికి రాలేదు," అన్నాను. నమ్మినట్టు లేదు. అప్పుడే డ్రైవరు అద్దంలోంచి అడిగాడు.

"మా అమ్మాయి ఏమన్నా చేసిందా టీచరుగారూ?"

"లెక్క చేసింది. మీరు బస్సు తీయండి."

బస్సు కదిలింది. మా ఆయన రాసుకోవడం మొదలుపెట్టారు. రెండో స్టాపుకు మూడు నిమిషాలు, అటూ ఇటూగా నాలుగు సెకన్లు. ఆగింది ఒక నిమిషం. మూడో స్టాపు, మళ్ళీ అంతే. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ అంతే. "ఈ మనిషి గడియారం మింగాడేమిటోయ్!" అని మా ఆయన డ్రైవరు వీపు వైపు భక్తిగా చూశారు. నాకు మాత్రం లోపల దిగులుగా ఉంది. అన్నీ ఇంత సరిగ్గా ఉంటే ముప్పై ఐదే వస్తుంది. ఇంత దూరం వచ్చి నా సున్నను నేనే రుజువు చేసుకుని ఇంటికి పోవాలి.

ఏడో స్టాపు మందుల షాపు ఎదురుగా ఉంది. బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే పిచ్చుక సీటు దిగి తలుపు దగ్గర నిలబడింది. ముగ్గురు దిగారు, ఇద్దరు ఎక్కారు. "నిమిషం," అన్నారు మా ఆయన. డ్రైవరు మాత్రం తలుపు వేయలేదు, అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. ప్రయాణికులు కూడా ఎవరూ గొణగలేదు. నేను కిటికీలోంచి తొంగి చూశాను. షాపు ముందు బల్ల మీదినుంచి ఒక ముసలాయన లేచి, కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు. పిచ్చుక కింద నిలబడి ఉంది.

"ముందు కర్ర," అంది.

ఆయన కర్ర ఇచ్చాడు. దాన్ని తీసి మెట్ల పైన లోపలగా ఆనించి పెట్టింది.

"ఇప్పుడు చెయ్యి. ఎడమ కాలు ముందు తాతా, నిన్న మర్చిపోయావు."

ఆయన ఆ పిడికెడు పిల్ల భుజం మీద చేయి వేసి, ఒక్కో మెట్టూ ఎక్కాడు. ఎక్కి, ఊపిరి పీల్చుకుని, "నిన్న వాడి ఏనుగును తినేశానే!" అన్నాడు. రోజూ ఈ బస్సులో చదరంగం ఆడటానికి స్నేహితుడి దగ్గరికి వెళ్తాడట. "ఇవాళ మంత్రిని తినెయ్," అని పిచ్చుక ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి కర్ర చేతికిచ్చింది. డ్రైవరు తలుపు వేశాడు.

"రెండు నిమిషాలు," అన్నారు మా ఆయన. పుస్తకంలో రాసి, నా వైపు తిప్పి చూపించారు.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. దుమ్ము పడిందని చెప్పలేదు, ఏడుపే వచ్చింది. నేను అనవసరమని గీత గీసిన వాక్యంలోనే ఆ నిమిషం ఉంది. అది ఆ పిల్ల రోజూ తన చేతులతో పెట్టే నిమిషం. తన సంగతి మాత్రం ఒక్క ముక్క రాసుకోలేదు.

చివరి స్టాపు చేరేసరికి గడియారం ముప్పై ఆరు దాటి తొమ్మిది సెకన్లు చూపించింది. అందరూ దిగాక నేను లేచాను. నా మోకాళ్ళు కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే దిగనివ్వవు. మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని ఆలోచిస్తుంటే పిచ్చుక అప్పటికే కింద ఉంది.

"ముందు బ్యాగు టీచర్," అంది. ఇచ్చాను. భుజం మీద చేయి వేసి దిగాను. దిగాక చేయి తీయలేదు.

"ఏడో స్టాపులో ఇంకో నిమిషం ఎక్కువ ఆగుతుందని ఎందుకు రాయలేదే?"

"రాశాను కదా టీచర్. కర్ర తాత ఎక్కుతాడని."

"ఆయన ఎక్కితే నిమిషం ఎక్కువ పడుతుందని నాకెలా తెలుస్తుంది?"

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "కర్ర ఉంది కదా టీచర్," అంది.

"ఉంది. కానీ ఈ బస్సు ఎప్పుడూ ఎక్కనివాళ్ళు చదివితే?"

కాసేపు ఆలోచించింది. "అయితే ఇంకో వాక్యం కావాలి."

"కావాలి."

"అనవసరం అనరా?"

"అనను," అన్నాను.

సోమవారం పొద్దున్నే పెద్ద టీచరుగారి గదికి వెళ్ళాను. ఆవిడ నన్ను చూడగానే కుర్చీ చూపించి, "మీ కొత్త పద్ధతి గురించి మిగతా టీచర్లకు ఒక గంట చెప్పాలి మీరు," అన్నారు. సైన్సు మాస్టారు అక్కడే హాజరు పట్టీ తిరగేస్తున్నారు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. పద్ధతీ లేదు, పాడూ లేదు, తప్పు కాగితం ఇచ్చాను, పరువు పోతుందని బుకాయించాను. సైన్సు మాస్టారు పట్టీ మూసి, ఎంతో మర్యాదగా అడిగారు.

"టీచరుగారూ, ప్రశ్న ఎక్కడుంటుంది, జవాబు ఎక్కడుంటుంది? గుర్తించుము."

వడ్డీతో సహా తీర్చుకున్నారు. పెద్ద టీచరుగారు నవ్వు ఆపుకోలేక బల్ల సొరుగు తెరిచి, నా ఉత్తరం తీసి, "మరి ఈ గడిలో ఎంత వేయమంటారు?" అన్నారు. ఇరవై ఆరు అన్నాను. మొదటి లెక్కకు పదికి తొమ్మిది ఇచ్చాను. ఒక వాక్యం తక్కువైంది కదా, ఆ ఒక్క మార్కు నేను వదల్లేదు. తర్వాత ఆ ఉత్తరం అడిగి తీసుకుని, ఆవిడ ముందే నాలుగు ముక్కలు చేశాను.

"పోనీ పొరపాటే అనుకోండి," అన్నారు ఆవిడ. "ఆ గంట మాత్రం చెప్పండి."

ఏం చెప్పాలో అప్పటికి నాకు తెలిసింది. పనిలో తీపి ముక్క ఇన్నేళ్ళూ నేనే తినేసి, పిల్లలకు పిప్పి పెట్టాను. ప్రశ్న కట్టుకునే సరదా నాది, చేసే చాకిరీ వాళ్ళది. ఇప్పుడు వారానికొకసారి బోర్డు మీద ఒక్క జవాబు రాసి, వెనక బెంచీలో కూర్చుంటున్నాను. రెండు వారాలు ఫస్టు ర్యాంకు పిల్ల పుస్తకంలోంచే రాసింది. మూడో వారం తన జడ పొడవు మీద ఒక లెక్క కట్టింది. తప్పు వచ్చింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను గానీ, తప్పు ఎక్కడుందో నన్ను చెప్పనివ్వకుండా తనే వెతుక్కుంది.

ఆ సోమవారం సంగతి ఇంకొంచెం ఉంది. కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు పిచ్చుక తన మార్కులు చూసుకుంది. "అనవసరం" మీద నేను కొట్టేసిన గీత చూసుకుంది. ఇరవై ఆరును వేలితో రుద్ది చూసింది, చెరిగిపోతుందేమోనని కాబోలు. అరుస్తుందనుకున్నాను, గంతులేస్తుందనుకున్నాను. గంట కొట్టగానే నేరుగా ఆరో తరగతి గది దగ్గరికి పరిగెత్తి, కిటికీలోంచి చెల్లెలికి రెండు చేతులూ ఊపి వచ్చింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నోటుబుక్కులోంచి చింపిన ఒక కాగితం ఇచ్చింది. బస్సు లెక్క మళ్ళీ రాసింది. ఈసారి కర్ర తాత పక్కన కావలసిన వాక్యం ఉంది. కింద ఇంకో ప్రశ్న కూడా ఉంది.

"ఆదివారం ఈ బస్సులో మా టీచరు ఎక్కారు. ఆమె దిగడానికి అర నిమిషం పడుతుంది. బస్సు కదిలినప్పటి నుంచి టీచరు కింద కాలు పెట్టేదాకా ఎంతసేపు?"

నేను ఎదురుగా నిలబడి ఉన్న ఆ పిల్లను చూశాను. కళ్ళు మిటకరించి జవాబు కోసం చూస్తోంది. పెన్ను తీసి, అన్ని అంచెలూ రాసి చేశాను, నేను పిల్లల్ని చేయమన్నట్టే. ముప్పై ఆరున్నర నిమిషాలు. కాగితం తిప్పి ఇచ్చాను.

పిచ్చుక ఒక్కో వరస మీద వేలు పెట్టి సరిచూసింది. తర్వాత నా ఎర్ర పెన్ను అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ పెన్ను నేను ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చాను. టిక్కు పెట్టి, పదికి పది వేసింది. నాలాగా ఒక్క మార్కు కూడా పట్టుకోలేదు.